దిబ్బ మీద మంద

మొదటే చెప్పేస్తాను, నాకు గొర్రెలంటే ఇష్టం లేదు. మటన్ అంటే ఇష్టం, అది వేరే సంగతి. వాటి వాసన, మొండితనం, ఒకటి గుంటలో దూకితే మిగతావన్నీ వరసగా దూకే తెలివి, ఏవీ నాకు పడవు. అయినా రెజైనా నుంచి గంటకు పైగా డ్రైవ్ చేసుకుంటూ దాదాపు ప్రతి శనివారం ఆ గొర్రెల దగ్గరికే పోతున్నానంటే దానికి కారణం సరోజన.

రెజైనాలో కొత్తగా దిగినప్పుడు ఒక ఆసుపత్రి వంటగదిలో ట్రేలు సర్దే పనిలో ఇద్దరం కలిశాం. నాది ఒంగోలు. తనది నారాయణపేట దగ్గర పల్లె, గొర్రెలు కాసే కురుమల ఇంటి పిల్ల. మొదటి రోజే నన్ను అక్కా అంది, రెండో రోజుకి నా లంచ్ బాక్సులో చెయ్యి పెట్టింది. వాళ్ళాయన ఆంజనేయప్రసాద్ తెనాలివాడు. హైదరాబాదులో చదువుకునేటప్పుడు ప్రేమించి పెళ్ళి చేసుకున్నారు. అతను అమెరికాలో కొన్నాళ్ళు ఉండి, అక్కడ గ్రీన్ కార్డు క్యూ చూసి దండం పెట్టి, ఇక్కడ, అమెరికా నెత్తిన ఉన్న ఈ చలిదేశంలో, శాశ్వతంగా ఉండిపోయే పీఆర్ తీసుకుని గవర్నమెంటులో ఐటీ ఉద్యోగంలో చేరాడు. అందరూ ఇల్లు కొనుక్కునే సమయంలో వీళ్ళు ఊరికి దూరంగా ఒక క్వార్టర్ భూమి, దాని మీద ఒక పాత ఇల్లు, మేపడానికి ఒక గొర్రెల మంద కొన్నారు. క్వార్టర్ అంటే మన లెక్కలో నూట అరవై ఎకరాలు. మనవైపైతే మోతుబరి అని దండలు వేస్తారు. ఇక్కడ అంత ఉన్నవాణ్ణి పాపం, చిన్న రైతు అంటారు.

ఆ భూమిలో ఏం వేస్తావే అని అడిగితే గడ్డి అంది. నాకు నవ్వాగలేదు. మా ఒంగోలు వైపు చేలో గడ్డి పీకడానికి కూలి ఇస్తాం. డబ్బు పెట్టి గడ్డి విత్తనాలు కొని, ట్రాక్టరుతో విత్తి, చుట్టూ కంచె కట్టి కాపలా కాసే మనిషిని నేనెక్కడా చూడలేదు. తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లో వీరరాఘవులు గారు కూడా గడ్డి పంట ఎలా ఉందమ్మా అని పదిమందిలో వేళాకోళం చేశారు. సరోజన తడుముకోలేదు.

"మొన్న దసరాకు మీరు దిన్నది గడ్డే అంకుల్. నడుమల గొర్రె అచ్చింది, గంతే."

ఆ మధ్యాహ్నం ఆయనే చాంతాడంత లైనులో నిలబడి మరీ మటన్ వేయించుకున్నారు.

అయితే ఆ గడ్డి వెనక ఉన్న కథ నాకు తరువాత తెలిసింది. సరోజన వాళ్ళ నాన్న కొమరయ్యకు సెంటు భూమి లేదు. మంద మాత్రం ఉండేది. ఎండాకాలం వస్తే గొర్రెల్ని తోలుకుని నెలల తరబడి కృష్ణ ఒడ్డు దాకా పోయేవాడు. దారిలో కోత కోసిన చేను కనిపిస్తే గట్టు మీద నిలబడేవాడు. భుజం మీది కండువా తీసి చేతిలో పెట్టుకుని, ఆసామి తనంతట తాను తల ఎత్తి చూసేదాకా అలాగే ఉండేవాడు. ఆసామి సరే అంటే మంద చేలోకి దిగేది. కొందరు గంటసేపు చూడనట్టే ఉండేవారట. సెలవుల్లో నాన్న వెంట నడిచిన ఈ పిల్ల ఆ గట్ల మీదే ఒక మాట అనుకుంది, ఎప్పటికైనా మా గొర్రెలకు మా గడ్డి ఉండాలని. కొమరయ్య ఆ గడ్డి చూడకుండానే పోయాడు.

మొదటి సంవత్సరం సరోజన బోర్లా పడింది. ఊళ్ళో కూలికి పోయిన చేలలో పల్లికాయ వేయడం చూసింది కదా, నేల ఎంత మెత్తగా ఉంటే విత్తనం అంత సుఖంగా మొలుస్తుందని భూమిని లోతుగా దున్నించింది. పరుపులా అయిందక్కా, పండుకోవచ్చు అని నాకు ఫోన్ చేసింది. విత్తనం కూడా పల్లికాయకు వేసినంత లోతున వేయించింది. గడ్డి విత్తనమేమో నువ్వుగింజంత ఉంటుంది. అంత అడుగు నుంచి పైకి రావడానికి దానికి ఓపిక ఎక్కడిది? పిచ్చిమొక్కలు మాత్రం నడుమెత్తు లేచాయి. చూడటానికి వచ్చిన పశుగ్రాసాల ఆఫీసరమ్మ ఆ నేలలో అడుగు పెడితే బూటు చీలమండ దాకా దిగింది. గడ్డి విత్తనానికి నేల ఇంత గుల్లగా ఉండకూడదు, గట్టిగా ఉండాలి అంది. నేనైతే నెల రోజులు ముసుగు తన్ని పడుకునేదాన్ని. సరోజన తప్పయింది, మళ్ళ ఏస్తం అని ఆవిడకు టీ పెట్టి ఇచ్చింది.

మరుసటి వసంతంలో నేల మీద రోలరు తిప్పి తిప్పి గట్టిపరిచింది. మే నెలలో, ఇంకా చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు, చెప్పులు విప్పి ఆ చేనంతా నడిచింది. మడమ గుర్తు పడాలట, మడమ దిగకూడదట. అలా కుదిరాకే విత్తనాన్ని పైపైన, గోరు లోతున వేయించింది. మెడో బ్రోమ్ అనే గడ్డి, దానితో పాటు ఆల్ఫాల్ఫా, అంటే మనవైపు పశువులకు వేసే లూసర్నే. ఒకసారి వేళ్ళూనుకుంటే ఏళ్ళ తరబడి వస్తాయి. కాకపోతే మొదటి ఏడు వాటి మీద గొర్రె మూతి పడకూడదు. ఆ ఏడాదికి మంద కడుపు నింపడానికి పక్క ముక్కలో ఏడాది పంటలు వేసింది, ముందు ఓట్స్, ఎండలు ముదిరాక పశువుల జొన్న. ఈ రెండు రకాలెందుకే అని అడిగితే నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"ఏడాది గడ్డి చుట్టమక్కా, అస్తది, పోతది. ఈ ఏండ్ల గడ్డి కొత్తకోడలు. కాళ్ళ పారాణి ఆరకముందే పనికి పెడ్తమా?"

పారాణి ఆరకముందే రాత్రి వంటకు నన్ను పొయ్యి దగ్గరికి పంపిన మా అత్తగారు గుర్తొచ్చి, ఆ క్షణం నుంచి నేను ఆ కొత్త గడ్డి పక్షం చేరాను.

ఆ వేసవి వానలు ముఖం చాటేశాయి. ఓట్స్ త్వరగా అయిపోయాయి. జొన్న మాత్రం ఎండకు జంకకుండా నిలబడింది. కొత్త గడ్డి కూడా పలచగానైనా పచ్చగా వచ్చింది. అంతా దారిన పడిందనుకునే వేళకి సెప్టెంబరు మొదట్లోనే, అందరికంటే ముందు వచ్చే చుట్టంలా, మంచు పడింది. శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి జొన్న ఆకుల మీద తెల్లగా పేరుకుని ఉంది. సరోజన జొన్న ముక్క గేటుకి గొలుసు చుట్టి తాళం వేస్తోంది. పైరు ఇంకా పచ్చగానే ఉంది కదా, తాళమెందుకన్నాను.

"నాము," అంది.

మనవైపు రైతులకు ఈ మాట తెలుసు. కోసిన జొన్న మోడుకి వచ్చే లేత పిలకల్లో విషం ఉంటుంది, తిన్న పశువు నిలబడ్డచోటే పడిపోతుంది. దాన్నే నాము అంటారు. మంచు దెబ్బ తిన్న జొన్నలోనూ అదే విషం పుడుతుందట. పైరు పూర్తిగా ఎండి చొప్ప అయ్యేదాకా మంద దాని దరిదాపులకు పోకూడదు. పోనీ మళ్ళీ మంచు పడి తొందరగా ఎండుతుందా అంటే ఆ వారమంతా మబ్బు, ముసురు. వేసవిలో రావలసిన వాన అప్పుడొచ్చింది.

చిక్కు అక్కడే వచ్చింది. చలికాలానికి దాచిన ఎండుగడ్డి అంతంత మాత్రం. కరువు ఏడు కావడంతో కొందామన్నా చుట్టుపక్కల దొరకడం లేదు. ఇప్పుడే దాని కట్టలు విప్పితే ఫిబ్రవరిలో మంద ఆకలికి చస్తుంది. మేతకు పచ్చగా మిగిలింది ఆ కొత్త గడ్డి ఒక్కటే. మరుసటి శనివారం నా ముందే ప్రసాద్ రెండే మార్గాలు చూపించాడు. కొత్త గడ్డిలోకి మందను రెండు వారాలు వదలడం, లేదా గొర్రెల్ని వేలానికి తోలేయడం. రెండో దానికి లారీవాడితో మాట్లాడి కూడా పెట్టాడు. మంచి మనిషే, పెళ్ళాం చేత కన్నీళ్ళు పెట్టించే రకం కాదు. భయపడ్డాడు, అంతే.

"రెండు వారాలే కదా సరోజా. పైపైన మేసి వచ్చేస్తాయి," అన్నాడు.

సరోజన అతన్ని చెయ్యి పట్టుకుని కొత్త గడ్డిలోకి తీసుకుపోయి ఒక ఆల్ఫాల్ఫా మొక్కను వేరుతో సహా పెకిలించింది. జొన్న చచ్చింది కానీ ఈ పలచటి మంచుకి ఇది చావలేదు. ఇప్పుడు ఇది ఆకులతో అన్నం వండుకుని వేరులో దాచుకుంటోంది. ఆకు కొరికిస్తే మళ్ళీ చిగురు వేయడానికి ఆ దాచుకున్నదంతా బయటికి తీసి ఖర్చు పెట్టేస్తుంది. తరువాత మైనస్ నలభై చలిలో ఏం తిని బతుకుతుంది? ఇదంతా ఆఫీసరమ్మ చెప్పిందే. ఒకసారి పోయిన గడ్డి మళ్ళీ పోతే ఇక వేయడానికి ఈ ఇంట్లో ఎవరికీ గుండె చాలదని సరోజనకు తెలుసు. మందను అమ్మితే గడ్డి ఉండి ఎందుకన్నదీ తెలుసు. లారీ సోమవారం దాకా రావొద్దని చెప్పు అని మాత్రం అంది.

అప్పుడామె చూపు రోడ్డు అవతలికి పోయింది. అక్కడ ఓరెస్ట్ అనే ముసలి రైతు భూములున్నాయి. తాతల నాడు యుక్రెయిన్ నుంచి వచ్చిన కుటుంబం. బార్లీ కోసేసి మోడు వదిలేశాడు. కోతలో రాలిన గింజలు ఆ వానకి మొలిచి, మోడు వరసల మధ్య పచ్చగా లేచాయి. చేను నడుమ ఒక దిబ్బ ఉంది. మట్టి కొట్టుకుపోయి బట్టతలలా తెల్లగా ఉంటుంది, దాని మీద ఏ పంటా నిలవదు. సరోజన ఆ దిబ్బను చాలాసేపు చూసింది. కారెక్కమంది. తోడుగా నన్ను ఎందుకు తీసుకెళ్ళిందో తెలియదు, బహుశా కారు నాదని కావచ్చు.

ఓరెస్ట్ తన షెడ్డులో కోత యంత్రం కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. మేం గుమ్మంలో నిలబడ్డాం. సరోజన పలకరించకుండా చూస్తోంది. నాకు అర్థం కాలేదు. తరువాత చూస్తే మెడలోని స్కార్ఫు తీసి చేతిలో పట్టుకుని ఉంది. ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసినట్టుంది. చప్పున దాన్ని మళ్ళీ మెడకు చుట్టుకుని గట్టిగా గుడ్ మార్నింగ్ చెప్పింది. ముసలాయన బయటికి పాక్కుంటూ వచ్చాడు.

బేరం మొదలైంది. నా జీవితంలో అలాంటి బేరం చూడలేదు. సరోజన తన మంద పగలు మీ మోడు చేలో మేస్తుంది, రాత్రిళ్ళు ఆ దిబ్బ మీద పడుకుంటుంది అంది. ఓరెస్ట్ తల ఊపి, మంచిదే, ఏమిస్తావు అన్నాడు. సరోజన కూడా సరిగ్గా అదే మాట అనబోయి ఆగిపోయింది. నారాయణపేటలో చేలో మంద పండబెడితే ఆసామే గొర్లకాపరికి ధాన్యం కొలిచి ఇస్తాడు. ఎరువు వేస్తున్నది కాపరి కదా. ఈ దేశంలో ఒకడి పొలంలో పశువు మేస్తే మేపుకున్నవాడు ఇవ్వాలి. ఇద్దరూ ఎదుటివాళ్ళ చెయ్యి జేబులోకి పోతుందేమోనని మర్యాదగా చూస్తూ నిలబడ్డారు. మధ్యలో నేను పైకప్పు చూస్తూ నిలబడ్డాను.

చివరికి సరోజన తన ఊరి పద్ధతి చెప్పేసరికి ఓరెస్ట్ నవ్వేశాడు. ఇన్నేళ్ళ సేద్యంలో నా చేను మేపుకుని నా దగ్గరే కూలి అడిగిన మనిషి నువ్వే అన్నాడు. సరోజన నవ్వలేదు. తలుపులోంచి దిబ్బను చూపించింది.

"మీ నాన్న అక్కడ ఏమైనా పండించాడా?" అని అడిగింది.

లేదన్నాడు.

"మీ తాత?"

తాత కూడా లేదు.

"అయితే వచ్చే ఏడు చూడు. ఆ దిబ్బ పచ్చబడితే నువ్వు నాకు గింజలు ఇవ్వు. పడకపోతే నేను నీకు ఇస్తాను, నా మందలో నీకు నచ్చిన గొర్రెపిల్లల్ని పట్టుకుపో."

ఇంగ్లీషులో ఆమె అన్న తీరు ఇంతకంటే మోటుగా ఉంది కానీ ముసలాయనకి బాగా ఎక్కింది. చేను మీద ఏ మందు కొట్టావో చెప్పమని, అది కొట్టాక మేపకూడని గడువు దాటిందో లేదో కూడా అక్కడే తేల్చుకుంది. కొట్టలేదన్నాడు. చేతులు కలిపారు. కారెక్కగానే ప్రసాద్‌కి ఫోన్ చేసి లారీ వద్దని చెప్పింది.

ఆ మధ్యాహ్నమే మంద రోడ్డు దాటింది. మర్నాటి నుంచి ఒకటే పద్ధతి. పగలంతా మోడు చేలో మేత. పొద్దు వాలే వేళకి దిబ్బ మీద వల కంచె కట్టి, దానికి కరెంటు కలిపి, మందను లోపలికి తోలడం. బయట కాయోటీలు, అంటే ఇక్కడి నక్కలు, రాకుండా తెల్లటి కాపలా కుక్క. తెల్లారాక కంచె విప్పి పక్క ముక్కకి జరపడం. ఒకేచోట రెండు రాత్రులు పడుకోబెడితే ఎరువు ఎక్కువై నేల మాడిపోతుందని వాళ్ళ నాన్న మాట. ప్రసాద్ ఆఫీసు టై విప్పకుండానే కంచె గుంజలు మోసేవాడు. నేను కూడా మోశాను. నా కొత్త బూట్లకి పట్టిన వాసన ఇప్పటికీ పోలేదు. నెల తిరిగేసరికి దిబ్బంతా నల్లటి పెంటికలతో నిండిపోయింది. ఈలోగా జొన్న ఎండి చొప్ప అయింది, నాము భయం తీరింది. మంద వెనక్కి వచ్చి ఆ చొప్ప తింటూ మంచు కప్పేదాకా గడిపింది. ఎండుగడ్డి కట్ట ఒక్కటి కూడా ముందుగా విప్పలేదు. కొత్త గడ్డి మీద ఒక్క గొర్రె మూతీ పడలేదు.

తరువాత చలికాలం వచ్చి కూర్చుంది. మంచు కింద గడ్డి బతికుందో లేదో తెలిసే దారి లేదు. ఏప్రిల్లో మంచు కరిగింది. చేనంతా గోధుమరంగు. నేను వెళ్ళిన రోజున ఆమె బురదలో మోకాళ్ళ మీద కూర్చుని చాకు మొనతో ఒక ఆల్ఫాల్ఫా మొదలు చుట్టూ మట్టి తీస్తోంది. వేరును చాకుతో కొద్దిగా గీరింది. లోపల ముల్లంగిలా తెల్లగా, గట్టిగా ఉంది. చచ్చిన వేరైతే తాడులా పీచుపీచుగా, గోధుమరంగులో ఉంటుందట. ఇంకోటి గీరింది. మరోటి గీరింది. అన్నీ తెల్లనివే. అక్కడే బురదలో చతికిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, గొర్రెలంటే నాకు ఇష్టం లేకపోయినా.

జూన్ నెల సగం దాటాక, గడ్డి పిక్కల దాకా ఎదిగాక, మందను మొదటిసారి దాన్లోకి వదిలే రోజు వచ్చింది. చేనంతా వల కంచెతో ముక్కలు చేసి పెట్టింది. ఒక ముక్క సగం మేసేసరికి రెండో ముక్కకి, మేసిన ముక్కకి మళ్ళీ ఎదిగేదాకా సెలవు. ప్రసాద్ గేటు దగ్గర ఉన్నాడు. ఆల్ఫాల్ఫా ఆకలి మీద తింటే కడుపు ఉబ్బుతుందని సరోజన ముందు మందకు ఎండుగడ్డి పెట్టి కడుపులు నింపుతోంది. నేను బూట్లు మార్చుకుని దూరంగా ఉన్నాను.

అప్పుడు చూశాను, రోడ్డు వైపు గేటు బయట ఓరెస్ట్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆయన పికప్ ట్రక్కు వెనక, బేరం ప్రకారం ఇవ్వాల్సిన బార్లీ గింజల బస్తాలు ఉన్నాయి. వెనకాల రోడ్డు అవతల ఆయన చేలో, ఆ బట్టతల దిబ్బ మీద, గోధుమ పైరు మిగతా చేనుకంటే ముదురు ఆకుపచ్చగా, కంచె జరిపిన ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. ముసలాయన ఇంకో రెండు దిబ్బలున్నాయని, ఈ శరదృతువులో మంద దిగుతుందా అని అడగడానికి వచ్చాడని తరువాత తెలిసింది. కానీ మేం పనిలో ఉన్నామని పిలవలేదు. టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని, సరోజన తనంతట తాను తల ఎత్తి చూసేదాకా అలాగే ఉన్నాడు.

సరోజన తల ఎత్తింది. చూసింది. చేతిలోని గడ్డి కింద పడేసి పరిగెత్తింది. ఆమె అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. గేటు గొలుసు లాగేసింది. ఏమైందోనని నేనూ వెనకాలే పోయాను. గేటు బార్లా తెరిచి, ముసలాయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, ఉన్న ఒక్క కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆయనకేమీ అర్థం కాలేదు. టోపీ పెట్టుకొమ్మని సైగ చేసింది. ఆయన పెట్టుకున్నాడు.

నా వైపు తిరిగి మెల్లగా అంది.

"మా నాయిన గట్లనే నిలబడేటోడక్కా. నా గేటు బయట ఎవ్వరినీ గట్ల నిలబెట్ట."

ఆమె కళ్ళు తుడుచుకుంది. టీకి నీళ్ళు పెట్టమని నాకు చెప్పి, మంద గేటు తీయమని ప్రసాద్‌కి కేక వేసింది. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోయాయి, తలలు వంచి మేయడం మొదలుపెట్టాయి. ఓరెస్ట్ కుర్చీలోంచి చూస్తున్నాడు. నేను టీ పెట్టడానికి వెళ్ళాను.